పెరట్లో పురుగునూ కలుపునూ మందు డబ్బా లేకుండా అదుపు చేయడం ఎలా

మా ఇల్లు ప్రకాశం జిల్లా టంగుటూరు దగ్గర. ఇంటి వెనుక రెండున్నర సెంట్ల పెరడు. కొబ్బరి ఒకటి, నిమ్మ ఒకటి, జామ ఒకటి, గోడ పొడవునా చిక్కుడు పాదు, మధ్యలో వంగ, మిరప, టమాటా, బెండ. ఇసుకపాలు ఎక్కువైన తేలిక నేల, కాస్త ఉప్పగా ఉండే నీళ్లు. పన్నెండేళ్లుగా ఇందులో రసాయన మందు పడలేదు. ఆదర్శం సంగతి తర్వాత, మొదటి కారణం భయమే. బోరు పెరట్లోనే ఉంది, కోసిన వంకాయ పావుగంటలో పొయ్యెక్కుతుంది.

ఇన్నేళ్లలో నాకు బోధపడిన సంగతి ఒకటుంది. ప్రతి పురుగుకూ, ప్రతి కలుపు మొక్కకూ ఒక బలహీనమైన వేళ ఉంటుంది. ఆ వేళ పట్టుకుంటే చేత్తోనే పోతుంది. అది దాటిందా, ఇంటిల్లిపాదీ కూర్చుని కషాయాలు కాచినా పోదు. అందుకే కింద చెప్పే ప్రతి పనిలోనూ ఏం వాడాలన్నదానితో పాటు ఎప్పుడు చేయాలన్నదీ గుర్తు పెట్టుకోండి.

ముందు పది నిమిషాలు చూడండి

తెల్లవారి ఆరు, ఏడు గంటల మధ్య పెరట్లోకి వెళ్లండి. చేతిలో ఏమీ వద్దు, కాఫీ గ్లాసు తప్ప. ఆకు పైభాగం చూసి వెనక్కి తిరగకండి. పురుగుల సంసారమంతా ఆకు అడుగునే. మొక్కకు రెండు ఆకులు చొప్పున, ఒకటి లేతది, ఒకటి ముదురుది, తిప్పి చూడండి.

చిక్కుడు తీగ కొసన నల్లగా గుంపుగా అతుక్కున్నది పేనుబంక. దాన్ని చూడగానే పిచికారీ డబ్బా కోసం పరుగెత్తకుండా ఇంకాస్త దగ్గరగా చూడండి. ఆ గుంపులో కొన్ని పేలు ఉబ్బి, గోధుమ రంగుకు తిరిగి, కదలకుండా ఉంటాయి. వాటి కడుపులో ఒక చిన్న కందిరీగ పిల్ల పెరుగుతోందన్నమాట. పక్కనే బూడిద రంగులో, ఒంటి మీద నారింజ మచ్చలతో, చీమంత మొసలిలా పాకేది కనిపిస్తే దాన్ని నలిపేయకండి. ఎర్ర పెంకు మీద నల్ల చుక్కలుండే అక్షింతల పురుగు పిల్ల అది. తల్లిని చూస్తే ముచ్చటపడి వదిలేస్తాం, పిల్లను చూస్తే అసహ్యపడి చంపేస్తాం. పేలను ఎక్కువగా తినేది ఆ పిల్లే. నేనూ రెండేళ్లు ఇలా వందల కొద్దీ చంపాను, ఆపైన పేనుబంక తగ్గడం లేదని వాపోయాను.

సన్నటి వెంట్రుక కొసన తెల్లటి చుక్క పెట్టినట్టు ఆకు మీద నిలబడి కనిపించేవి అల్లిక రెక్కల పురుగు గుడ్లు. అవీ మన పక్షమే. వీటిలో ఏది కనిపించినా ఆ కొమ్మను వారం రోజులు వదిలేయండి. ఏవీ లేకపోతే బొటనవేలు, చూపుడు వేలు చాలు, లేదా పైపుతో నీళ్లు గట్టిగా కొట్టండి. రాలిన పేనుబంకలో చాలా భాగం మళ్లీ పైకెక్కలేదు.

కలుపు పని ఎండాకాలంలోనే

కలుపు మీద వానాకాలంలో యుద్ధం ప్రకటించేవాళ్లు ఓడిపోతారు. మన దగ్గర ఎండే పెద్ద మందు, అదీ ఉచితంగా. ఏప్రిల్, మే నెలల్లో ఖాళీగా ఉన్న మడిని ఒక జానెడు లోతు తవ్వి, గడ్డలు చితక్కొట్టి, చదును చేసి, బాగా తడపండి. దాని మీద పారదర్శకమైన పాలిథిన్ షీటు, 25 నుంచి 50 మైక్రాన్ల మందం ఉన్నది, మట్టికి ఆనేలా పరిచి, అంచులను చుట్టూ మట్టిలో పూడ్చండి. నలుపు షీటు ఎక్కువ వేడెక్కుతుందని చాలామంది అనుకుంటారు. నలుపు తానే వేడెక్కి ఊరుకుంటుంది, పారదర్శకమైనది ఎండను లోపలికి పంపి మట్టిని ఉడికిస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాలు కదిలించకండి. పై రెండు అంగుళాల మట్టి 50 డిగ్రీలు దాటుతుంది, గడ్డి గింజలు, కుళ్లు తెగుళ్ల బీజాలు చాలావరకు చచ్చిపోతాయి. రోహిణి కార్తె ముగిశాక షీటు తీసి, పశువుల ఎరువు పైపైన కలపండి. మళ్లీ లోతుగా తవ్వారంటే అడుగున బతికి ఉన్న గింజలను మీరే పైకి తెచ్చినట్టు.

తుంగకు మాత్రం ఈ పాచిక పారదు. తుంగ మొలక సూదిలా షీటును పొడుచుకుని బయటికి వస్తుంది. ఒక తుంగ మొక్కను నెమ్మదిగా తవ్వి చూడండి. అడుగున శనగగింజ కన్నా కాస్త పెద్దగా, నల్లటి బొచ్చుతో ఒక గడ్డ, దాని నుంచి తీగలాంటి వేరు, ఆ చివర ఇంకో గడ్డ, ఇంకో వేరు. ఇలా జపమాలలా లోపలికి పోతుంది. పైన ఆకు పట్టి లాగితే మాల తెగుతుంది, అప్పటిదాకా నిద్రపోతున్న గడ్డలు ఒక్కొక్కటీ మొలకెత్తుతాయి. పీకినకొద్దీ పెరుగుతుందని జనం అనేది ఊరికే కాదు.

మా పెరట్లో కలుపు పనికి వచ్చే పెద్దావిడ ఒకామె ఉంది. మొదటి ఏడాది నేను కూర్చుని తుంగ పీకుతుంటే కాసేపు చూసి, "అయ్యా, మీరు దానికి జుట్టు కత్తిరిస్తున్నారు. తల ఎక్కడుందో చూడండి" అంది. పలుగు తీసుకుని అడుగు లోతు పెళ్లగించి, గడ్డలను ఎండలో పరిచింది.

ఆమె చేసిన పద్ధతే చెబుతున్నాను. మే నెల మొదట్లో, నేల పొడిగా ఉన్నప్పుడు, అడుగు లోతు తవ్వండి. పెళ్లలను అలాగే ఎండకు వదలండి, నాలుగు రోజులకోసారి తిరగేయండి. రెండు వారాల ఎండకు తుంగ గడ్డ ముడుచుకుపోయి మొలిచే శక్తి పోగొట్టుకుంటుంది. మధ్యలో నీళ్లు పడకూడదు, ఒక్క తడి తగిలినా పని మొదటికొస్తుంది. తొలకరి తర్వాత మిగిలినవి మొలుస్తాయి. వాటిని రెండు మూడు వారాలకోసారి దోకుడుపారతో కోసేస్తూ, ఆ మడిలో అలసంద గానీ చిలగడదుంప తీగ గానీ వేయండి. తుంగకు నీడంటే గిట్టదు. రెండేళ్లు వరుసగా చేస్తే తొంభై పాళ్లు పోతుంది. పూర్తిగా పోతుందని నేను మాట ఇవ్వను.

విత్తనాలు చల్లే మడికి ఇంకో ఉపాయం. మడి సిద్ధం చేసి, నీళ్లు పెట్టి, ఏమీ విత్తకుండా పది రోజులు ఆగండి. కలుపు పచ్చగా మొలుస్తుంది. దాన్ని అర అంగుళం లోతున గీకేసి, మట్టిని కదపకుండా అప్పుడు విత్తండి. పది రోజులు పోయాయనిపిస్తుంది గానీ, తర్వాత నెల రోజుల నడుం నొప్పి తప్పుతుంది.

వయ్యారిభామను పూత రాకముందే పీకాలి. పూస్తే ఒక్కో మొక్క వేలల్లో గింజలు రాలుస్తుంది. చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి, దద్దుర్లూ ఆయాసమూ తెప్పించే మొక్క అది. వాన పడ్డాక వేళ్లతో సహా తేలిగ్గా వస్తుంది. పూయనిదైతే ఎరువు గుంటలో వేయవచ్చు, పూసినది వేయకూడదు. ఖాళీ స్థలంలో ఈ మొక్కల మీద తెల్లటి పెంకుపై గోధుమ గీతలున్న పురుగులు ఆకులు తింటూ కనిపిస్తే వాటి జోలికి పోకండి. మెక్సికో నుంచి తెప్పించి, దీన్ని తినడానికే 1984లో బెంగళూరులో వదిలిన పురుగుల సంతానం అవి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన కలుపు ఇంకొకటి, పొగాకు రైతులు మల్లె అనేది. పేరు అందంగా ఉంటుంది, పని దొంగది. ఆకు ఉండదు, పచ్చదనం ఉండదు. పొగాకు, టమాటా, వంగ వేళ్లకు అతుక్కుని పెరిగి, చలికాలంలో మొక్క మొదట్లో లేత రంగు కాడలా పైకి లేస్తుంది. దీని విత్తనం దుమ్ములా సన్నగా ఉండి ఏళ్ల తరబడి మట్టిలో బతుకుతుంది. అందుకే పువ్వు విచ్చకముందే, కాడ కనిపించిన రోజే పీకి కాల్చేయండి. పొగాకు పండిన పొలం నుంచి మట్టి తెచ్చి పెరట్లో పోసుకునేటప్పుడు ఈ సంగతి ఆలోచించండి.

పాయలకూర మొలిస్తే మాత్రం పండగ, పప్పులో వేసుకోండి.

మిగిలిన నేలను ఖాళీగా ఉంచకండి. వరిగడ్డి, వేరుశనగ పొట్టు, ఎండుటాకులు, తీరం ఊళ్లలో అయితే సరుగుడు తోటల కింద రాలిన ఆకు, ఏది దొరికితే అది మూడు నాలుగు అంగుళాల మందాన పరవండి. మొక్క మొదలుకు ఆనకుండా జానెడు వదలండి. కనిగిరి, పొదిలి వైపు ఎర్ర నేలల్లో చెదలు ఎక్కువ కాబట్టి అక్కడ పలచగా పరిచి, ముందు వేప పిండి చల్లడం మంచిది. ఉప్పు చల్లితే గడ్డి చస్తుందని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. మన తీరంలో నేలకు ఉన్న ఉప్పే ఎక్కువ. వినెగరు పైఆకును మాడుస్తుంది, తుంగ గడ్డకు అది చెమట కూడా పట్టించదు.

పురుగుల వంతు

వంగతో మొదలుపెడదాం, ఎక్కువమంది ఏడ్చేది దాని దగ్గరే. నీళ్లు బాగానే పెట్టినా ఉదయం పూట ఒక్క కొమ్మ కొస మాత్రం తల వేలాడేసిందంటే లోపల తొలుచు పురుగు ఉన్నట్టే. ఆ కొసను వాడిన చోటికి ఒక అంగుళం కిందుగా తుంచి, చీల్చి చూడండి. లేత గులాబీ రంగు పురుగు సొరంగంలో పడుకుని ఉంటుంది. కొమ్మలో ఉన్నప్పుడే దాని బలహీనమైన వేళ, కాయలోకి దూరాక ఏ కషాయమూ దాన్ని చేరదు. వారానికి రెండుసార్లు వాడిన కొసలు, చిల్లు పడిన కాయలు తుంచి సబ్బు నీళ్ల బకెట్లో వేయండి. చెట్టు కిందే పారేస్తే పురుగు తాపీగా బయటికొచ్చి మీ చెట్టుకే తిరిగొస్తుంది. పది మొక్కలకు మించి ఉంటే ఒక లింగాకర్షక బుట్ట, అంటే ఆడ పురుగు వాసనతో మగ పురుగులను రప్పించి పట్టే ఉచ్చు, పెట్టుకోండి, వంగ కొమ్మ, కాయ తొలుచు పురుగు ఎర అని అడిగి తీసుకోవాలి.

లద్దెపురుగు విషయంలో చూపు మరీ ముఖ్యం. ఆముదం, టమాటా ఆకుల మీద గోధుమ రంగు నూగు కప్పినట్టు గుడ్ల ముద్ద పెడుతుంది. పిల్లలు పొదిగిన మొదటి మూడు రోజులు విడిపోకుండా ఒకే ఆకును గీకి తింటాయి. ఆ ఆకు జల్లెడలా అయి దూరానికే తెల్లగా కనిపిస్తుంది. ఆ ఒక్క ఆకు తుంచితే వందల పురుగులు పోయినట్టే. నాలుగో రోజుకు పెరడంతా చెదిరిపోతాయి. గట్టున రెండు ఆముదం మొక్కలు వేస్తే గుడ్లు ముందు అక్కడ పెడుతుంది, మనకు వెతికే పని తగ్గుతుంది.

నిమ్మ, కరివేపాకు లేత ఆకుల మీద పక్షి రెట్ట పడినట్టు కనిపించేది ఒకసారి పుల్లతో తాకి చూడండి. తల వెనుక నుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటపెట్టి ఘాటుగా వాసన కొడుతుంది. సీతాకోకచిలుక పురుగు అది, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. ఏరివేస్తే చాలు. పొదలకూరు వైపు నిమ్మ తోటల వాళ్లకు ఇది పెద్ద తలనొప్పి గానీ, ఒక్క చెట్టున్న మనకు పిల్లలతో చేయించదగిన పని.

మందార, బొప్పాయి మీద దూదిలా పట్టే పిండినల్లికి ముందు చీమలను చూడండి. పిండినల్లి కార్చే తీపి కోసం చీమలు దాన్ని కాపలా కాసి, ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు మోసుకుపోతాయి. కాండం చుట్టూ గుడ్డ పేలిక కట్టి దానికి ఆముదం పూయండి, రెండు మూడు రోజులకోసారి మళ్లీ పూయాలి. చీమల దారి మూసుకున్నాక నీళ్లు గట్టిగా కొట్టి, మిగిలినవాటి మీద లీటరుకు 5 గ్రాముల సబ్బు కలిపిన నీళ్లు చల్లండి. ముందు ఒక ఆకు మీద చల్లి, మరునాడు మాడలేదని చూసుకున్నాకే చెట్టంతా.

కొబ్బరి చెట్టు కింద జామ ఆకులు నల్లగా మసి పట్టాయా? తప్పు జామది కాదు. తలెత్తి కొబ్బరి మట్ట అడుగు చూడండి, తెల్లటి మైనపు వలయాలు చుట్టలు చుట్టలుగా ఉంటాయి. మన దేశంలో 2016లో మొదట కనిపించిన సర్పలాకార తెల్లదోమ ఇది. అది కార్చే జిగురు మీద పట్టే బూజే ఆ మసి. దీనికి విషపు మందు కొడితే దాన్ని తినే చిన్న కందిరీగలు ముందు చస్తాయి, దోమ మిగులుతుంది. అందినంత వరకు ఆకు అడుగున నీళ్లు కొట్టండి, పసుపు జిగురు అట్టలు కట్టండి. మసికి మందు మన వంటింట్లోనే ఉంది, పలచటి గంజి. జామ ఆకుల మీద గంజి చల్లితే అది ఎండి పొరలా లేస్తూ మసిని కూడా ఊడదీసుకుని రాలిపోతుంది. నెల్లూరు జిల్లా పక్కనే ఉండి గంజికి కరువా!

మిరపలో ఆకులు పైకి ముడుచుకున్నాయంటే తామర పురుగు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప రైతులను ఎంత ఏడిపించిందో ప్రకాశం జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు, కొట్టని మందు లేదు. పెరట్లో నీలి రంగు జిగురు అట్టలు మొక్క ఎత్తుకు కట్టండి, పూలను తెల్ల కాగితం మీద దులిపి చూస్తూ ఉండండి, కాగితం మీద నల్లటి నలుసులు పాకితే కింద చెప్పే వేప కషాయం మొదలుపెట్టండి.

వేప గింజల కషాయం, కొలతతో

ఒక్క కషాయమే నేర్చుకోవాలంటే ఇది నేర్చుకోండి. 5 లీటర్లకు కొలత చెబుతున్నాను.

వేప గింజల పైపెంకు తీసిన పప్పు 250 గ్రాములు తీసుకోండి. రోట్లో కచ్చాపచ్చాగా దంచండి, మరీ మెత్తగా చేస్తే నూనె కారి ముద్ద కడుతుంది. పలచటి గుడ్డలో మూటకట్టి 1 లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. మరునాడు సాయంత్రం ఆ మూటను అదే నీళ్లలో ముంచి పిండండి, మళ్లీ ముంచి పిండండి. మొదట పాలలా తెల్లగా వస్తుంది. గోధుమ రంగు నీళ్లు వచ్చేదాకా పిండి, వడకట్టి, 5 లీటర్లకు నీళ్లు కలపండి. ఆకుకు అంటుకోవడానికి గుప్పెడు కుంకుడుకాయల రసం పోయండి, లేదా 5 గ్రాముల సబ్బు పొడి.

చల్లే వేళ సాయంత్రం నాలుగున్నర తర్వాతే. వేపలో పనిచేసే పదార్థం ఎండకు విరిగిపోతుంది, పైగా మన ఎండల్లో మధ్యాహ్నం ఏది చల్లినా ఆకు మాడుతుంది. ఉదయం పూలమీద తేనెటీగలుంటాయి. ఆకు అడుగు తడవాలి. కలిపిన రోజే వాడేయాలి. వారం, పది రోజులకోసారి మూడుసార్లు చల్లండి. మరునాడు పురుగులు చచ్చి కుప్పలు పడతాయని ఎదురుచూసి నిరాశపడకండి. అవి తినడం మానేస్తాయి, చర్మం విడవలేక పెరగడం ఆగిపోతుంది. పప్పు దొరకనివాళ్లు లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె కలుపుకోవచ్చు. కుంకుడు రసంలో ముందు నూనెను బాగా గిలక్కొట్టి తర్వాత నీళ్లు పోయాలి, లేకపోతే నూనె పైన తేలి, మొదటి మొక్కకు వట్టి నీళ్లు అందుతాయి, చివరి మొక్క మాడుతుంది.

వెల్లుల్లి, పచ్చిమిర్చి కషాయం కూడా పురుగును కొన్ని రోజులు దూరంగా ఉంచుతుంది. గాలికి ఎదురుగా నిలబడి చల్లితే మనల్ని కూడా.

పొగాకు కషాయం వద్దు

ఒంగోలు, టంగుటూరు చుట్టుపక్కల పొగాకు కాడలకూ పొడికీ లోటు లేదు కాబట్టి ఎవరో ఒకరు తప్పక ఈ సలహా ఇస్తారు. నేనూ విన్నాను. కాడలు నానబెట్టి, చేతులకు తొడుగు లేకుండా, మోచేతుల దాకా ముంచి పిండి, చిక్కుడుకు చల్లాను. పేనుబంక నిజంగానే చచ్చింది. గంటకు నాకు తల తిరిగి, వాంతై, రాత్రంతా మంచం మీదే ఉన్నాను. నికోటిన్ చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది. మొక్క నుంచి వచ్చినంత మాత్రాన విషం విషం కాకుండా పోదు. అది అక్షింతల పురుగునూ చంపుతుంది.

దానికన్నా పెద్ద చిక్కు ఇంకోటి. పొగాకు మొజాయిక్ వైరస్ ఎండు పొగాకులో కూడా చావదు. ఆ కషాయంతోనో, పొగాకు నలిపిన చేతితోనో టమాటా, మిరప మొక్కలకు అంటుకుంటుంది. ఆకులు పచ్చ, లేత పసుపు మచ్చలతో గిడసబారిపోతాయి, ఇక మందు లేదు. చుట్ట, బీడీ, ఖైనీ అలవాటున్నవాళ్లు టమాటా నారు ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మా ఇంట్లో ఇది మామయ్యగారికి చెప్పడం కొంచెం కష్టమైంది.

ఇంటి ముందు గరిక

గరికను మరీ నున్నగా కోయకండి. రెండు అంగుళాల ఎత్తు ఉంచితే కలుపు గింజకు ఎండ తగలదు. రోజూ చిలకరించడం కన్నా వారానికి రెండుసార్లు నిండుగా నీళ్లు పెట్టడం మేలు, పైపై తడి తుంగకే ఉపకారం. అక్కడక్కడా ఎండిపోయిన చోట గడ్డి చాపలా లేచొస్తే, అడుగున తెల్లగా వంకీ తిరిగిన వేరుపురుగులు ఉంటాయి. వాటి తల్లులు పెంకుపురుగులు. తొలకరి వానలు పడిన రోజుల్లో చీకటి పడే వేళ నేలలోంచి లేచి వేపచెట్ల మీద వాలుతాయి. ఆ నాలుగైదు రాత్రులు కొమ్మలు దులిపి, రాలినవాటిని సబ్బు నీళ్లలో వేస్తే ఏడాది పని అయిపోతుంది.

వానల ముందు

మన తీరానికి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. ఆ రోజుల్లో నత్తలు బయల్దేరతాయి. రాత్రి తడి గోనెసంచి మడి పక్కన పరిచి, తెల్లవారే ఎత్తితే దాని కింద సభ జరుగుతుంటుంది, ఏరి ఉప్పు నీళ్లలో వేయండి. ఆ ఉప్పు నీళ్లు మళ్లీ మడిలో పోయకండి.

ఆ వానలకు కావలసిన వేప గింజలను మాత్రం జూన్, జూలై నెలల్లోనే ఏరిపెట్టుకోవాలి. చెట్టు కింద పసుపు పచ్చగా రాలిన పండ్లు తెచ్చి, గుజ్జు కడిగి, ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టండి. ప్లాస్టిక్ కవరులో కడితే వారంలో బూజు పడుతుంది, గుడ్డ సంచిలోనో గోనెసంచిలోనో వేసి గాలి తగిలే చోట వేలాడదీయండి. మూడు నెలల నుంచి ఎనిమిది నెలల వయసున్న గింజలోనే బలం ఉంటుంది. కాబట్టి సంచి మీద నెల రాసిపెట్టండి, మా అటక మీద ఏ ఏడాదివో తెలియని గింజలు ఇప్పటికీ రెండు సంచులున్నాయి.